వంక లేని నడక

మా అమ్మమ్మ బతికినన్నాళ్ళూ మైళ్ళకి మైళ్ళు నడిచిందే గాని, ఒక్కనాడూ 'వాకింగు'కి వెళ్ళలేదు. చెరువుకి వెళ్ళింది, గుడికి వెళ్ళింది, పేరంటానికి వెళ్ళింది, పక్క ఊళ్ళో పురిటిలో ఉన్న కూతుర్ని చూడ్డానికి వెళ్ళింది. దారిలో ఎవరైనా "ఎక్కడికమ్మా?" అంటే చెప్పడానికి సమాధానం సిద్ధంగా ఉండేది. "ఎక్కడికీ లేదు, ఊరికే నడుస్తున్నా" అని ఉంటే? పాపం, మతి చలించిందనుకుని ఇంటికి కబురు పంపేవాళ్ళు!

ఆడవాళ్ళ నడకకి మన దగ్గర ఎప్పుడూ ఒక వంక కావాలి. కార్తీకమాసంలో రావిచెట్టు చుట్టూ నూటెనిమిది ప్రదక్షిణలు చేసే ఆడవాళ్ళని చూసినప్పుడల్లా నాకో అనుమానం. భక్తి లేదనను. కాని ఆ ముప్పావుగంటా దేవుడి చుట్టూ తిరుగుతున్న మనిషిని కాస్త కాఫీ కలిపి పెట్టమని ఎవరూ అడగరు కదా! ఇక మన చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు ఇల్లాళ్ళకైతే కూరల సంచీ ఒక వంక, సిటీ సెంట్రల్ లైబ్రరీలో పుస్తకం మార్చుకోవడం ఒక వంక, త్యాగరాయ గానసభలో కచేరీ ఇంకో వంక. చేతిలో సంచీ ఉంటే చాలు, దార్లో ఎవరూ ప్రశ్నలు వెయ్యరు.

"ఇంటి చాకిరీ వ్యాయామం కాదా?" అని మగవాళ్ళు అడుగుతూంటారు. ఒంటికి అవునేమో. రుబ్బురోలూ, తిరగలీ, నూతిలో చేదా మన పెద్దవాళ్ళ చేతులకి ఇచ్చిన బలం తక్కువేం కాదు. కాని పిండి రుబ్బుతున్నంతసేపూ చెవి చంటిపిల్ల ఏడుపు మీద, కన్ను పొయ్యి మీద పాలమీద, మనసు రాబోయే మరిది మీద. అలాంటి కష్టంతో ఒళ్ళు అలుస్తుందే తప్ప బెంగ అలవదు.

మగవాళ్ళ సంగతి వేరు. ఊరూరా తాలింఖానాలుండేవి. దండీలు, బస్కీలు, కుస్తీలు. కోడి రామమూర్తిగారు (1882–1942) ఛాతీకి బిగించిన ఇనపగొలుసులు ఊపిరి బిగబట్టి తెంపుతుంటే ఊళ్ళకి ఊళ్ళే తరలి వచ్చి చూసేవి. ఆడపిల్లలకి చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, తొక్కుడుబిళ్ళ. అవైనా ఎన్నాళ్ళు? ఓణీ వేసిన నాటితో సరి. తరవాత గంతు వేస్తే తప్పు, పెద్ద అంగ వేస్తే తప్పు, ఆఖరికి చెప్పుల చప్పుడైనా తప్పే.

ఇదంతా చెప్పి, 'ఆడదానికి కసరత్తు మన చరిత్రలోనే లేదు' అని తేల్చేద్దామనుకుంటే అడిక్‌మెట్ అడ్డొస్తుంది.

రాంనగర్ దాటాక ఇరుకు సందులతో, స్కూటర్లతో, మేడమీద మేడలతో ఉండే ఈ అడిక్‌మెట్ రెండువందల ఏళ్ళ కిందట ఒక స్త్రీ జాగీరంటే నమ్ముతారా? ఆమె మహ్‌లఖా బాయి చందా. 1768లో పుట్టింది, 1824లో పోయింది. ఆస్థాన నర్తకి, కవయిత్రి. ఉర్దూలో పూర్తి దివాన్ రాసిన తొలి స్త్రీలలో ఒకామె. ఆ రాతప్రతి ఒకటి 1799లో మాల్కం అనే దొరకి కానుకగా ఇచ్చింది. ఆమెకి వచ్చిన జాగీర్లలో హైదర్‌గూడతో పాటు అడిక్‌మెట్ కూడా ఉంది.

గజళ్ళ సంగతి అలా ఉంచండి. ఆమెకి విలువిద్య వచ్చు, బల్లెం విసరడం వచ్చు, గుర్రపుస్వారీ వచ్చు. రెండో ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ యుద్ధాలకి బయల్దేరితే మగవేషం వేసుకుని వెంట నడిచింది, ఒకసారి కాదు, మూడుసార్లు! దర్బారులో ఉమ్రాల సరసన కూర్చునేది. తల్లి రాజ్ కున్వర్ బాయి కోసం మౌలాలి కొండ పాదాన కట్టించిన తోటలోనే ఆమె సమాధీ ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆమెకి ఆ స్వేచ్ఛ ఎలా వచ్చింది? ఒకరి ఇల్లాలు కాదు కనక. గోషాలో ఉన్న కులస్త్రీకి గుర్రం కాదు గదా, వీధి గుమ్మం కూడా దూరమే. గౌరవం కావాలంటే గడప దాటకూడదు, గడప దాటాలంటే ఆ గౌరవం వదులుకోవాలి. ఈ బేరం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ అడిక్‌మెట్ నేలమీదే తరవాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. 1918లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయం తొలినాళ్ళలో అద్దె ఇళ్ళలో నడిచింది. స్థిరంగా ఎక్కడ కట్టాలో చూసిపెట్టమని పాట్రిక్ గెడ్డిస్ అనే స్కాట్‌లండు పెద్దమనిషిని పిలిపించారు. ఆయన 1923లో నివేదిక ఇచ్చాడు. మొదట జీవశాస్త్రం పంతులు, తరవాత నగర నిర్మాణ నిపుణుడు. ఏ ఊరికి ప్లాను వెయ్యాలన్నా ముందు ఆ ఊరంతా కాలినడకన తిరిగి చూడాలనేది ఆయన పట్టుదల. 1934 జులై 5న పునాదిరాయి పడింది, 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కాలేజీ తెరిచారు. దాదాపు 1400 ఎకరాలు, చెట్లు, విశాలమైన రోడ్లు. ఆ ఆవరణలో మహ్‌లఖా బాయి పేరుతో పిలిచే మెట్లబావి ఇప్పటికీ ఉంది. చదువుకోసం వేసిన ఆ రోడ్లు చుట్టుపక్కల వాళ్ళకి నడకదారులవుతాయని ఆనాడు ఎవరైనా అనుకున్నారో లేదో!

అన్నట్టు, మన కష్టాలకి 'స్ట్రెస్' అన్న పేరు వచ్చి వందేళ్ళు కూడా కాలేదు. 1936లో హాన్స్ సేల్యే అనే డాక్టరు, ఏ రకం బాధ పెట్టినా ఎలకల ఒంట్లో ఒకే తరహా మార్పులు వస్తున్నాయని రాశాడు. దానికే తరవాత ఈ పేరు స్థిరపడింది. మనవాళ్ళు మాత్రం బెంగ, దిగులు, గుండెదడ అని ఏనాడో అన్నారు. మందూ చెప్పారు. ఒంటిని మరీ నొప్పించని నడక ఆయుష్షుకీ, బుద్ధికీ, ఆకలికీ మంచిదని సుశ్రుతుడి వైద్యగ్రంథంలోనే ఉంది.

లెక్కలు కావాలనే వాళ్ళకి లండన్ బస్సుల కథ ఒకటుంది. అప్పట్లో అక్కడి డబుల్ డెక్కర్లలో డ్రైవరు కూర్చునే ఉండేవాడు, కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకి అయిదారువందల మెట్లు ఎక్కేవాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే పొగ. డాక్టర్ జెరెమీ మారిస్ బృందం 1953లో బయటపెట్టిన లెక్కల్లో గుండెజబ్బు డ్రైవర్లకే ఎక్కువ. మరి మనసు మాటో? అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు దిగులు జబ్బుతో ఉన్న 156 మందిని, అందరూ యాభై దాటినవాళ్ళే, మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి మందు, ఒక జట్టుకి వారానికి మూడుసార్లు నడకో పరుగో, మూడో జట్టుకి రెండూ. 16 వారాలయ్యేసరికి మూడు జట్లూ ఇంచుమించు ఒకేలా తేరుకున్నాయని 1999లో రాశారు. మందు త్వరగా పనిచేసింది, నడక నెమ్మదిగా. అలాగని ఇది చదివి మాత్రలు పెరట్లో పారేసేరు! డాక్టర్ని అడక్కుండా ఆ పని చెయ్యకండి.

పదివేల అడుగుల కథ మరీ తమాషా. 1964 టోక్యో ఒలింపిక్స్ అయ్యాక, 1965లో ఒక జపాను కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్ముతూ దానికి 'పదివేల అడుగుల మీటరు' అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. అది వ్యాపారం మాట, వైద్యుడి మాట కాదు. 2019లో అమెరికాలో 16,741 మంది పెద్దవయసు స్త్రీల అడుగులు లెక్కపెట్టి చూస్తే, రోజుకి 2,700 వేసే వాళ్ళ కన్నా 4,400 వేసే వాళ్ళలోనే మరణాలు తక్కువగా కనబడ్డాయి. 7,500 దాటాక పెద్ద తేడా లేదు. ఆ స్త్రీల సగటు వయసెంతో తెలుసా? 72!

అశోక్‌నగర్ వాళ్ళకి ఇందిరా పార్కు ఉంది. 1975లో శంకుస్థాపన చేసి 1978లో తెరిచిన 76 ఎకరాల తోట. దాని పక్కనే ధర్నాచౌక్. 2017లో ధర్నాలని అక్కణ్ణించి తరలించాలన్నప్పుడు, నడకకి వచ్చేవాళ్ళకి ఇబ్బందన్నది కూడా ఒక కారణంగా చెప్పారు. 2018లో హైకోర్టు మళ్ళీ ధర్నాలకి వీలిచ్చింది. లోపల మనం బెంగ తీర్చుకోవడానికి నడుస్తుంటే బయట ఎండలో జీతం రాక కూర్చున్న ఆడవాళ్ళ బెంగ మనకి అడ్డం ఎలా అవుతుందో నాకైతే అర్థం కాలేదు.

మా వీధిలో ఒకావిడ ఉంది. భర్తకి పక్షవాతం, కొడుకు దూరదేశంలో, ఇంట్లో తొంభై దాటిన అత్తగారు. మొదట్లో పాలపాకెట్టు వంకతో పొద్దున్నే బయటపడేది. పావుగంట పని అరగంట చేసుకొచ్చేది. "ఆ అరగంటలో ఏం ఆలోచిస్తారండీ?" అని అడిగాను. "ఏమీ ఆలోచించను. అందుకేగా వెళ్ళేది" అంది. కష్టాలేం తగ్గలేదట, గొంతు మాత్రం తగ్గిందట. అత్తగారి మీద అరవడం మానేసిందన్నమాట! ఆర్నెల్ల కిందట ఇంట్లో వాళ్ళు పాలబ్బాయిని కుదిర్చారు, ఆవిడకి శ్రమ తప్పుతుందని. వారంరోజులు ఇంట్లో కూర్చుంది. ఎనిమిదోనాడు చెప్పులేసుకుంటుంటే అత్తగారు మంచం మీంచి "ఇంత పొద్దున్నే ఎక్కడికే?" అని కేకేసిందట.

"ఎక్కడికీ లేదత్తయ్యా, నడవడానికి" అని చెప్పి, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగిందట.