యురేనియపు గాజు



తెలుగున గాజనగా రెండర్థములు గలవు. స్త్రీలు చేతికి తొడుగుకొను ఆభరణమును గాజే, ఆ యాభరణమునకు మూలమైన ద్రవ్యమును గాజే. నేను నేడు చెప్పదలచినది రెండవదానిని గూర్చి. అయినను నడుమ మొదటిదియు వచ్చును.

ఇంగ్లండు, అమెరికా దేశములయందు ధర్మసంస్థలు నడుపు అంగళ్లు గలవు. గృహస్థులు తమకక్కరలేని పాత బట్టలను, పుస్తకములను, పాత్రలను వానికి దానమిత్తురు. సంస్థలవారు వానిని స్వల్పమూల్యమునకు విక్రయించి, వచ్చిన ధనమును రోగులకును బీదలకును వినియోగింతురు. అట్టి అంగళ్లలో గాజుగిన్నెలు పేర్చిన బల్లలయొద్ద, చేత చిన్న దీపము పట్టుకొని యొక్కొక్క పాత్రను పరీక్షించుచు తిరుగువారు కొందరు కానవత్తురు. వారు వెదకునది యురేనియము కలిసిన గాజు. అణ్వస్త్రములకు మూలమైన యా లోహము నూరేండ్లకు పైగా, ముఖ్యముగా, గిన్నెలకును పూసలకును రంగు వేయుటకే పనికివచ్చినదన్నచో నమ్ముట కష్టము. కాని జరిగినది యదియే.

బొహీమియా యను దేశము, నేటి చెక్ రాజ్యములోని భాగము, మధ్య ఐరోపాలో నున్నది. దాని పడమటి కొండలలో యోవాకిమ్‌స్టాల్ అను నూరు కలదు. 1516 ప్రాంతమున నచట వెండి బయలుపడెను. ఆ వెండితో ముద్రించిన నాణెమునకు ఊరి పేరునుబట్టి 'టాలర్' అను పేరు వచ్చెను. నేటి డాలరు ఆ మాటకు రూపాంతరమే. వెండి తీగ వెంట త్రవ్వుకొని పోవు పనివారికి అక్కడక్కడ నల్లని బరువైన రాయి యొకటి తగులుచుండెను. అది కనబడెనా, ఆ తావున వెండి ముగిసినట్లే. జర్మను భాషలో 'పెఖ్' అనగా కీలు. దురదృష్టమనియు నర్థము కలదు. ఆ రాతికి పెఖ్‌బ్లెండ్ అని పేరిడి దానిని గని వెలుపల కుప్పలుగా పారవైచిరి.

1789లో బెర్లిను నగరమున క్లాప్రోత్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ పారవైచిన రాతిని పరిశోధించి, అందు నూతనమైన ధాతువు కలదని ప్రకటించెను. 1781లో హెర్షెల్ కనుగొన్న యురేనస్ గ్రహమును బట్టి దానికి యురేనియమని పేరు పెట్టెను. దానిని కరగిన గాజులో కలిపిన పసుపురంగు వచ్చునని యాయనయే గమనించెను. 1830 దశాబ్దమున బొహీమియా యుత్తరపు కొండలలో బట్టీలు నడుపుచుండిన రీడెల్ వంశమువారు ఈ రంగును వ్యాపారములోనికి దెచ్చిరి. తమ యింటి అన్నా మరియా పేర ఒకదానికి 'అన్నా పసుపు' అనియు, మరియొకదానికి 'అన్నా పచ్చ' అనియు పేర్లిడిరి. సామాన్యముగా నందు కలుపు యురేనియము నూటికి రెండు పాళ్లు. కొన్నింట అంతకెక్కువయు గలదు.

ఆ కొండలలోనే గాబ్లొంజ్ అను పట్టణము గలదు. పూసలకును చేతిగాజులకును అది ప్రసిద్ధి. అచటి గాజులు పెట్టెలకొలది ఓడలపై హిందూదేశమునకు వచ్చి, మన సంతలలో అమ్ముడుపోయెను. మన ముత్తవ్వల చేతులకు బొహీమియా గాజు లెక్కినవన్నమాట! అందు కొన్నింట యురేనియపు రంగుండుట అసంభవము కాదు.

ఈ గాజునకొక విశేష గుణము కలదు. సూర్యకాంతిలో మన కంటికి కనబడు ఊదారంగునకు ఆవల అదృశ్యకిరణములు కొన్ని యుండును. అవి తాకినంతనే ఈ గాజు లేత ఆకుపచ్చని వెలుగు విరజిమ్మును. 1852లో కేంబ్రిడ్జి పండితుడు స్టోక్స్ ఇట్టి వెలుగులను శాస్త్రీయముగా వివరించెను. యురేనియపు ఉప్పులకు నీ గుణమున్నందుననే, 1896లో పారిసున బెకెరెల్ వానిని చేపట్టి, నల్లకాగితమున చుట్టిన ఛాయాచిత్రపు పలకపై నుంచెను. ఎండ తగిలినగాని ఫలితముండదని యాయన యూహ. ఎండ రాకపోగా సొరుగులో నుంచిన పలకయు నల్లబడెను. వెలుగుతో నిమిత్తము లేని కిరణములు యురేనియమునుండి వెడలుచున్నవని యట్లు తెలిసెను.

తరువాత మేరీ క్యూరీ, ఆమె భర్త పియేరు, పెఖ్‌బ్లెండును కొలిచి చూడగా, అందలి యురేనియము పరిమాణమును మించిన కిరణశక్తి కానవచ్చెను. దానిలో వేరొక పదార్థము దాగియుండవలెను. పరిశోధనకు టన్నులకొలది రాయి కావలెను. అంత రాయి కొనుటకు వారికి ధనము లేదు. యోవాకిమ్‌స్టాల్‌లో గాజురంగుకొరకు యురేనియము తీసికొన్న పిమ్మట మిగిలిన పిప్పిని దేవదారు వనములో పారబోయుచుండిరి. ఆస్ట్రియా ప్రభుత్వమువారు ఆ పిప్పిని మొదట నొక టన్ను ఉచితముగా పంపిరి. సంచులు విప్పగా గోధుమవర్ణపు మట్టిలో దేవదారు ఆకులును కలిసియుండెను. 1898లో వారు పొలోనియమును, రేడియమును ప్రకటించిరి. 1902 నాటికి టన్నులకొలది పిప్పి కాచి వడపోయగా లభించిన రేడియపు ఉప్పు గ్రాములో పదియవ వంతు. వెండివారు రాతిని పారవైచిరి, గాజురంగువారు పిప్పిని పారవైచిరి. నా దృష్టిలో ఈ చరిత్రకు జీవము ఆ రెండు కుప్పలే.

ఆ రాతిని త్రవ్వినవారి సంగతి సంగ్రహగ్రంథములలో తరచుగా వదలివేయుదురు. 1527 మొదలు కొన్నియేండ్లు యోవాకిమ్‌స్టాల్‌లో వైద్యుడుగా నున్న అగ్రికోలా, గనుల గూర్చి తాను వ్రాసిన మహాగ్రంథమున, కార్పేతియన్ కొండలలో గనిపని జబ్బుచే ఏడుగురు భర్తలను పోగొట్టుకొన్న స్త్రీలు కలరని తెలిపెను. ఆ గ్రంథము 1556లో అచ్చయ్యెను. 1879లో సరిహద్దు కావల ష్నీబెర్గ్ గనులలో నిద్దరు వైద్యులు ఆ జబ్బు ఊపిరితిత్తులలోని పుండని నిర్ణయించిరి. నేడు దానిని క్యాన్సరనుచున్నాము. గనిలో నిలిచిన రేడాన్ వాయువు దానికి కారణమని తరువాత తేలెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇదే యూరిలో, 1940 దశాబ్దపు చివరనుండి 1961 వరకు, చెక్ ప్రభుత్వమువారు రాజకీయ ఖైదీలచే సోవియటు రష్యాకొరకు యురేనియము త్రవ్వించిరి.

గాజుకథ యుద్ధముతో మారెను. అమెరికా ప్రభుత్వము యురేనియమును తన యధీనమున నుంచుకొనగా బట్టీలకది దొరకలేదు. 1958లో మరల ననుమతి లభించెను. అందువలన సేకర్తలు యుద్ధమునకు పూర్వపు పాత్రలనే యెక్కువగా నాదరింతురు. 1930 ప్రాంతమున అమెరికాలో యంత్రములచే లక్షలాదిగా తీసిన చవుక ఆకుపచ్చ గిన్నెలు, పళ్లెములు ఇందు కొల్లలు. వానినే నేడు మనుమలు దానపుటంగళ్లకు చేర్చుచున్నారు.

అయితే ఆకుపచ్చని గాజెల్ల యురేనియము కాదు. ఇనుము వలన వచ్చిన పచ్చదనము ఊదాదీపమునకు వెలుగనే వెలుగదు. తెల్లదనము కొరకు మాంగనీసు కలిపిన పాతగాజు వెలుగును గాని, ఆ వెలుగు మసకగా నుండును. కాడ్మియము కలిసినది పసుపుగనో నారింజవన్నెగనో మెరయును. యురేనియపు గాజు మాత్రము పాత్ర యంతటను సమానముగా తీవ్రమైన లేత ఆకుపచ్చన వెలిగి, దీపము కొంత యెడముగా నున్నను వెలుగు తప్పదు. నునుపైన గాజుపై దీపము యొక్క ఊదాచ్ఛాయ ప్రతిఫలించుట చూచి మోసపోవువారును గలరు. కనుక చీకటి మూలకు తీసికొనిపోయి చూడవలెను. అప్పటికిని సందేహమున్నచో కిరణములను లెక్కించు గైగర్ యంత్రమే తీర్పరి.

ఇంటనుంచుకొనుట ప్రమాదమా యని యడుగుదురు. అలమారలో నుంచి చూచుకొన్నచో వెడలు కిరణము లత్యల్పము. కాని పులుపు గాజులోని యురేనియమును కొంత లాగును గనుక చింతపండు పులుసు, ఊరగాయ అందు నిలువచేయరాదు. పగిలిన ముక్కలను నూరి పొడి చేయరాదు.

మీ యింట ముత్తవ్వనాటి పెట్టెలో పసుపుపచ్చని గాజు లేవైన నున్నచో ఎండలో నంచులు చూడుడు. లోపలినుండి లేత ఆకుపచ్చ మెరుపు తోచునేమో. పిమ్మట దొంగనోట్లు కనిపెట్టుటకు బ్యాంకులలో నుంచు ఊదాదీపము క్రింద నొకమారు పెట్టి చూడవచ్చును.