లంబసింగి రోడ్డు ఎవరు వేశారు?



అమీర్‌పేటలో కోచింగ్‌కి, పంజాగుట్టలో హాస్టల్‌కి తిరిగే మనకి చలికాలం రాగానే ఒక పేరు తెగ వినిపిస్తుంది: లంబసింగి. క్లాసులో పక్కన కూర్చునేవాళ్లు రైలెక్కి వైజాగ్ పోతారు. అక్కణ్ణుంచి కొండెక్కి, టెంటులో ఒక రాత్రి పడుకొని, తెల్లారి మంచు ఫొటోలు పెడతారు. వంజంగి మేఘాలు, అరకు కాఫీ తోటలు కూడా అదే లిస్టులో ఉంటాయి. రావడంలో తప్పేం లేదు, రానివ్వండి. కానీ ఆ ఫొటోలో కనబడే రోడ్డు ఎవరి చెమటతో పడిందో, ఆ టెంటు కింద నేల ఎవరిదో మనమే చెప్పుకోవాలి.

ముందు రోడ్డు సంగతి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి పోయే ఘాట్ ఇప్పుడు బైకుల వాళ్లకి ఇష్టమైన దారి. వందేళ్ల కింద నర్సీపట్నం, చింతపల్లి మధ్య రోడ్డు పని చేసింది మన్యం వాళ్లే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వాళ్లని బలవంతంగా తోలుకొచ్చి, చాలీచాలని కూలి ఇచ్చి, ఎదురు చెబితే కొట్టి పని చేయించాడు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద ఆంక్షలు మొదలయ్యాయి. పోడు కొట్టనివ్వరు, అడవిలోకి పోనివ్వరు, పైగా రోడ్డు పనికి రమ్మంటారు. మన్యం మండింది అందుకే.

గాం గంటం దొర, గాం మల్లు దొర అన్నదమ్ములు అల్లూరి సీతారామరాజుతో కలిశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసి 26 తుపాకులు పట్టుకుపోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఆఫీసర్లు చనిపోయారు. 1924 మే 7న సీతారామరాజుని కాల్చి చంపారు. కొద్ది వారాలకే గంటం దొర కూడా పోరులో ప్రాణం విడిచాడు. పట్టుబడ్డ మల్లు దొర అండమాన్ జైలు చూసొచ్చాడు. 1952లో జరిగిన మొదటి ఎన్నికల్లో ఆయన్నే విశాఖపట్నం నుంచి లోక్‌సభకి పంపారు. సినిమాల్లో ఒక్క వీరుడే కనిపిస్తాడు గానీ, వెనక ఇంతమంది ఉన్నారు.

ఇక నేల సంగతి. ఏజెన్సీ భూమి చేతులు మారకుండా మొదటి చట్టం 1917లో వచ్చింది. తర్వాత 1959 రెగ్యులేషన్ వచ్చింది, 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకీ వర్తింపజేశారు. దాన్ని గట్టిగా బిగించింది మనమంతా 1/70 అనే 1970 సవరణ. దీని ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకి అమ్మడమే కాదు, కౌలు, తాకట్టు, దానం, ఏదీ చెల్లదు. టూరిస్టులు క్యూ కట్టే బొర్రా గుహల దగ్గరే దీని మీద పెద్ద పోరాటం జరిగింది. ఆ చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జూలైలో కోర్టు, ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని చెప్పింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, రేపు మన ఊరికి ఎవరో వచ్చి, "టెంట్లు వేసుకుంటాం, ఏడాదికి ఇంత ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టు మామా" అంటారు. అది కౌలే. చెల్లదు. మన పేరు బోర్డు మీద పెట్టి డబ్బులు వాళ్లు తీసుకెళ్లడం ఇంకో ఎత్తు. కానీ అదే చట్టంలో ఒక దారి ఉంది: సభ్యులంతా గిరిజనులే ఉన్న రిజిస్టర్డ్ సొసైటీకి భూమి ఇవ్వొచ్చు. టెంట్లు, వంట, గైడు పని అన్నీ మన సొసైటీయే నడపొచ్చు. వచ్చినవాళ్లకి ఆ రోడ్డు కథ చెప్పేది కూడా మనమే అవుతాం.

ఈసారి పండక్కి ఇంటికి పోయినప్పుడు ఈ ఒక్క ముక్క ఊళ్లో చెప్పండి: కాగితం చదవకుండా, చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దు. చదువుకున్నవాళ్లం మనం ఉన్నాం, ఫోన్ చేయమనండి.

జై ఆదివాసీ.