స్మాష్ ఫొటోకి ప్రతిపదార్థం

బ్యాడ్మింటన్ టోర్నీకి వెళ్లే ఫొటోగ్రాఫర్‌కి డెస్కు నుంచి అందే ఆదేశం సాధారణంగా ఒక్క వాక్యంలో అయిపోతుంది. కాస్త అటూ ఇటూగా ఇలా ఉంటుంది: "కోర్టు వెనక సీటు పట్టు, ఫ్లాష్ కొట్టకు, పదహారు వందలకి తగ్గకు, స్మాష్ పడాలి, షటిల్ కనపడాలి, ముఖం దొరకాలి, క్యాప్షన్ సరిగ్గా రాయి." చెప్పినవాళ్లకి అర నిమిషం పని. విన్నవాళ్లకి రోజంతా సరిపోతుంది. ఈ వాక్యాన్నే మూలంగా పెట్టుకుని ముక్కముక్కకీ అర్థం చెప్పుకుంటూ పోదాం. నా పక్షం ఏమిటో ముందే చెప్పేస్తే మంచిది: స్మాష్ అనే పేరుతో మనం పేపర్లో చూసే ఫొటోల్లో ఎక్కువ భాగం స్మాష్ ఇంకా జరగని క్షణానివే. బాగున్న ఫొటోలు బాగుండటానికి కారణం కూడా అదే.

కోర్టు వెనక సీటు: కోర్టు పొడవు 13.40 మీటర్లు. బేస్‌లైన్ వెనక, ప్రకటనల బోర్డుల అవతల, ఫొటోగ్రాఫర్లకి ఇచ్చిన వరసలో నేలమీదో చిన్న స్టూలుమీదో కూర్చోవాలి. ర్యాలీ నడుస్తుండగా లేవకూడదు. ఇక్కడి నుంచి చూస్తే ఇవతలి ఆటగాడి వీపు, అవతలి ఆటగాడి ముఖం కనిపిస్తాయి. అంటే కూర్చున్న మరుక్షణమే ఆటలో సగం వదులుకున్నట్టు లెక్క. గేమ్ అయిపోగానే ఇద్దరూ వైపులు మారతారు, మూడో గేమ్ ఉంటే ఒకరికి 11 పాయింట్లు రాగానే మళ్లీ మారతారు కాబట్టి ఓపిక పడితే రెండో ముఖమూ వస్తుంది. మ్యాచ్ అంతసేపు సాగితేనే సుమా. 2019లో బాసెల్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో పి.వి. సింధు ఒకుహారాను 21-7, 21-7తో 38 నిమిషాల్లో ముగించేసింది. ఏ చివర కూర్చున్నవాళ్లకైనా ఆమె ఎదురుగా ఉన్నది ఒక్క గేమే.

ఇప్పుడు నెట్ సంగతి. స్తంభాల దగ్గర 1.55 మీటర్లు, మధ్యలో 1.524. కూర్చున్నవాళ్ల లెన్సు నేల నుంచి సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి నెట్ పై అంచు మీదుగా గీత గీస్తే, అవతల వెనక కోర్టులో ఉన్న మనిషి దగ్గరకి చేరేసరికి ఆ గీత 1.85 మీటర్ల ఎత్తుకి పోతుంది. దానికి కింద ఉన్నదంతా వలలోంచే కనపడాలి. సింధు ఎత్తు 1.79 మీటర్లు. ఆమె సైతం నేలమీద నిలబడి కొడితే నుదుటికి అడ్డంగా నెట్ తెల్లపట్టీ, కళ్ల మీద వల. అదే గాల్లోకి లేస్తే ముఖం పట్టీ దాటి పైకొస్తుంది. జంప్ స్మాష్ అంటే ఫొటోగ్రాఫర్లు పడిచావడానికి సగం కారణం ఈ జామెట్రీయే. పౌరుషం, బలం వంటి మాటలు తర్వాత క్యాప్షన్లో చేరతాయి.

ఆటోఫోకస్‌కి కూడా నెట్ అంటే మోజు. దగ్గరగా ఉంటుంది, గీతలు గీతలుగా ఉంటుంది, పట్టుకోవడం తేలిక. ఆటగాడు నెట్ వెనక్కి రాగానే ఫోకస్ మనిషిని వదిలి వలమీదకి దూకుతుంది. అందుకే, మధ్యలో ఏదో అడ్డొచ్చినా వెంటనే దాని మీదకి పోకుండా కాసేపు పాత మనిషినే పట్టుకుని ఉండమని కెమెరాకి ముందే చెప్పి పెట్టుకుంటారు. కళ్లను గుర్తుపట్టే కొత్త కెమెరాలు వచ్చాక ఈ బాధ తగ్గింది, పోలేదు.

సీటు విషయంలో ఇంకో కిటుకుంది. కుడిచేతి ఆటగాడు స్మాష్‌కి సిద్ధమయ్యేటప్పుడు ఎడమ భుజం నెట్ వైపు, ఛాతీ తన కుడివైపు తిరిగి ఉంటాయి. ఎదురుగా కూర్చున్న మనకి అది ఎడమవైపు. కాబట్టి ఎడమ మూల దొరికితే ముఖం విచ్చుకుని కనిపిస్తుంది. కుడి మూల నుంచి తీస్తే షటిల్‌కి గురిపెట్టి పైకెత్తిన ఎడమచెయ్యి ముఖానికి అడ్డొస్తుంది. లిన్ డాన్, కరోలినా మారిన్ వంటి ఎడమచేతి వాటం వాళ్లకి ఇదంతా తిరగబడుతుంది. డ్రా చూసుకోకుండా వచ్చి ఖాళీగా ఉన్న చోట కూర్చునేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఫ్లాష్: నిషేధం. కళ్లెత్తి షటిల్ చూసే ఆటలో ఎదుట మెరుపు మెరిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పదహారు వందలు: అంటే సెకనులో 1600వ వంతు. ఇంత చిన్న సమయంలో ఫొటో పడాలంటే వెలుతురు కావాలి, ఫ్లాష్ ఎటూ లేదు. కోర్టు మీద వెయ్యి లక్స్ వెలుతురు ఉందనుకుందాం. లెన్సుని ఎఫ్ 2.8 దాకా తెరిచి, ఐఎస్‌ఓ 3200 పెడితే సరిగ్గా 1/1600 దగ్గరకి వస్తుంది. వేగం రెట్టింపు చేయాలంటే ఐఎస్‌ఓ కూడా రెట్టింపు చేయాలి, దాంతోపాటు ఫొటోలో రేణువులూ పెరుగుతాయి. ఎఫ్ 4 లెన్సుతో వచ్చినవాళ్లకి మొదటి ఆటకే విషయం బోధపడుతుంది.

దీపాలు కోర్టు నెత్తిమీద ఉండవు, రెండు పక్కలా ఉంటాయి. పైకి చూసే ఆటగాళ్ల కంట్లో పడకూడదని అలా అమరుస్తారు. తెల్ల షటిల్ స్పష్టంగా కనపడాలని వెనక భాగాన్ని చీకటిగా ఉంచుతారు. ఆటగాళ్ల కోసం చేసిన ఈ రెండు ఏర్పాట్లూ ఫొటోగ్రాఫర్‌కి ఉచితంగా దక్కిన స్టూడియో. కాకపోతే కెమెరాని ఆటో మీద వదిలేస్తే అది ఆ చీకటిని చూసి, వెలుతురు చాలడం లేదనుకుని, ముఖాన్ని సున్నం కొట్టినట్టు తెల్లగా చేసిపెడుతుంది. లెక్కలన్నీ ఒకసారి చేత్తో పెట్టుకుని ఇక ముట్టుకోకపోవడమే మేలు.

మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు. పాతరకం హాలు దీపాలు దాంతోపాటు సెకనుకు వంద సార్లు మందగించి మళ్లీ వెలుగుతాయి. కంటికి తెలీదు. 1/1600తో వరసగా తీస్తే ఒక ఫ్రేము తెల్లగా, పక్కది మసకగా, పచ్చగా వస్తుంది. ఆ వెలుగు శిఖరానికి చేరినప్పుడే షట్టర్ తెరిచే ఏర్పాటు ఇప్పటి కెమెరాల్లో ఉంది, అది వాడితే వరస వేగం కాస్త తగ్గుతుంది. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ సర్వీస్ వేళ మర్యాదగా ఉంటుంది కానీ, కొన్ని ఎల్‌ఈడీ వెలుతురుల్లో అడ్డచారలు పడతాయి. ప్రాక్టీస్ సమయంలోనే నాలుగు ఫ్రేములు తీసి చూసుకోవాలి.

స్మాష్ పడాలి, షటిల్ కనపడాలి: ఈ రెంటినీ విడదీయలేం. వాటి మధ్యే అసలు తగాదా ఉంది.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్లో జపాన్‌లోని యోనెక్స్ కర్మాగారం జిమ్‌లో గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టాడు. గిన్నిస్ నమోదు చేసింది. మ్యాచ్‌లో కొట్టింది కాదది, కొలత కోసం కొట్టింది. సెకనుకు లెక్కేస్తే దాదాపు 157 మీటర్లు. సెకనులో 1600వ వంతులో ఆ షటిల్ పది సెంటీమీటర్లు కదులుతుంది. షటిల్ పొడవేమో, బిరడా, ఈకలు కలిపినా అంతకంటే తక్కువ. అంటే డెస్కు చెప్పిన వేగం పెట్టినా, తగిలిన మరుక్షణం షటిల్ తన ఒంటి పొడవుకి మించి చెదిరిపోతుంది. మామూలు మ్యాచ్ స్మాష్ గంటకి 300 కిలోమీటర్లే అనుకున్నా ఐదు సెంటీమీటర్ల తెల్లమరక తప్పదు.

మరి ఫొటోల్లో ఈకలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా షటిల్ ఎలా కనపడుతోంది? దెబ్బ తగలకముందు తీస్తారు కాబట్టి. అవతలివాళ్లు లేపిన షటిల్ పైకెళ్లి, తిరగబడి, బిరడా కిందకి పెట్టి దిగుతుంది. పదహారు ఈకల గొడుగు గాలిని ఎంత ఆపుతుందంటే, ఎంత ఎత్తు నుంచి పడినా దాని వేగం సెకనుకు ఏడు మీటర్లు దాటదు. 1/1600లో అది కదిలేది నాలుగైదు మిల్లీమీటర్లు. ఐదు గ్రాముల వస్తువు ఒకే ర్యాలీలో ఇంత నెమ్మదిగానూ అంత వేగంగానూ పోయే ఆట నాకు తెలిసి ఇంకోటి లేదు. ఫొటోగ్రాఫర్‌కి దొరికేది ఆ నెమ్మది భాగమే. రాకెట్ వెనక్కి వంగి ఉంది, మోచెయ్యి పైకి లేచింది, షటిల్ ముఖానికి జానెడు పైన తేలుతోంది. దాన్ని మనం స్మాష్ అంటున్నాం.

వరసగా టపటపా తీసేస్తే తగిలే క్షణం దొరక్కపోతుందా అని కొందరి ధీమా. 2009 ఆగస్టులో హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగినప్పుడు మేటి కెమెరాలు సెకనుకు తొమ్మిది, పది ఫ్రేములు తీసేవి. ఇప్పుడు ఇరవై మామూలైంది. ఇరవై అంటే రెండు ఫ్రేముల మధ్య సెకనులో ఇరవయ్యో వంతు ఖాళీ. గంటకి 300తో బయల్దేరిన షటిల్, గాలి ఆపగా కూడా, ఆ ఖాళీలో మూడు మీటర్లు పోతుంది. ఒక ఫ్రేములో నెత్తిమీద ఉన్నది, తర్వాతి ఫ్రేములో ఉండదు. 2023 చివర్లో ప్రకటించిన సోనీ ఆల్ఫా 9 త్రీ సెకనుకు 120 తీస్తుంది. దానికీ రెండు ఫ్రేముల మధ్య అరమీటరు పైనే దూరం. తీగలకి షటిల్ తగిలి ఉండే సమయం ఈ ఖాళీలన్నిటికంటే చిన్నది. తగిలిన క్షణం పడితే అది అదృష్టం, దాన్ని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. తగలకముందు క్షణాన్ని మాత్రం ఆట తెలిసినవాళ్లు రోజూ పట్టగలరు. లిఫ్ట్ పొట్టిగా పడిందని అవతలి ఆటగాడి అడుగుల్లో తెలిసిపోతుంది, వేలు అప్పుడే నొక్కాలి. కన్ను చూసి, వేలికి కబురందేలోపు సెకనులో ఐదోవంతు గడిచిపోతుంది. చూశాక నొక్కితే ఆటగాడు అప్పటికే నేలమీదకి దిగుతుంటాడు.

ఇక్కడే నాకు కొందరితో పేచీ. 1/4000 పెట్టి రాకెట్ తీగలతో సహా అన్నీ గడ్డకట్టించేస్తారు. చూడటానికి నిలబెట్టి తీయించుకున్నట్టుంటుంది. ముఖం, షటిల్ నిలిచి, రాకెట్ తల, ముంజేయి కాస్త చెదిరితేనే అందులో దెబ్బ కనపడుతుంది. పదహారు వందల దగ్గర ఆ చెదురు కొద్దిగా మిగులుతుంది. డెస్కు ఆ అంకెను ఏ కారణంతో చెప్పినా నేను ఈ కారణంతో సమర్థిస్తాను.

డబుల్స్ అయితే ఒక మాట. సాత్విక్ వెనక నుంచి ఎగిరి కొడుతుంటే చిరాగ్ శెట్టి నెట్ దగ్గర వంగి కాచుకుని ఉంటాడు. ఒకడు పట్టీకి పైన, ఇంకొకడు వల వెనక. ఎఫ్ 2.8లో ఒక్కడికే ఫోకస్. వెనకవాణ్ని పట్టి ముందువాణ్ని మసకగా వదిలేస్తేనే ఆ జోడీ ఆట అర్థమవుతుంది. 300 లెన్సుతో అయితే నడుము పైభాగమే పడుతుంది, జోడీ పోతుంది. 70-200 మేలు.

ముఖం: స్మాష్ కొట్టేవాళ్ల ముఖంలో ఉండేది లెక్క మాత్రమే. భావం చూడాలంటే ఎదుర్కొనేవాళ్లని చూడాలి. కాళ్లు విడిచి, మోకాళ్లు వంచి, కళ్లు పెద్దవి చేసి ఉంటారు. వాళ్లు కింద ఉంటారు కాబట్టి వెనక సీటు నుంచి వల అడ్డం. పక్కన, నెట్ స్తంభానికి కాస్త ఎడంగా చోటు దొరికితే దొరుకుతారు. ఆ ఫొటోలు చాలా తక్కువగా అచ్చవుతాయి. నాకు అవే ఇష్టం.

పాయింట్ అయ్యాక ముఖం ఎటు తిరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. కోచ్‌లు కూర్చునేది తమ ఆటగాడి వెనక, కోర్టు చివర. కీలకమైన పాయింట్ గెలిచినవాళ్లు చాలాసార్లు వెనక్కి తిరిగి కోచ్‌ని చూసి పిడికిలి బిగిస్తారు. అప్పటిదాకా వీపు చూపించిన మనిషి హఠాత్తుగా మనవైపు తిరుగుతాడు, చేతిలో ఉన్నదేమో పొడవాటి లెన్సు. పక్కన చిన్న లెన్సుతో రెండో కెమెరా ఉంచుకునేది ఇందుకే. 2017 గ్లాస్గో ఫైనల్లో సింధు, ఒకుహారాల మధ్య రెండో గేమ్ 73 షాట్ల ర్యాలీతో ముగిసింది. అంత ర్యాలీ తర్వాత ఫొటో షాట్‌లో ఉండదు, ఊపిరి కోసం వంగిన ఒంట్లో ఉంటుంది. షటిల్ పడగానే కెమెరా దించి స్క్రీన్ చూసుకునేవాళ్లకి అది దొరకదు.

2022 మే 15న బ్యాంకాక్‌లో శ్రీకాంత్ జొనాథన్ క్రిస్టీని ఓడించగానే భారత్‌కి తొలి థామస్ కప్ వచ్చింది. జట్టంతా కోర్టులోకి పరుగెత్తింది. ఆ ఫైనల్ అనగానే గుర్తొచ్చే బొమ్మ ఆ పరుగే తప్ప ఏ స్మాషూ కాదు. మొదటి పేజీ ఎప్పుడూ గెలుపుదే. ఆటలోని షాట్‌కి క్రీడల పేజీలో చోటు దొరికితే చాలనుకోవాలి.

క్యాప్షన్: మన పత్రికల్లో రాకెట్ పైకెత్తి ఉంటే చాలు, "స్మాష్ సంధిస్తున్న" అని పడిపోతుంది. ఇందాకటి లెక్క ప్రకారం ఫొటోలో ఉన్నది తగలకముందు క్షణం. మంచి ఆటగాళ్లు స్మాష్‌కీ డ్రాప్‌కీ ఆఖరి క్షణం దాకా ఒకే భంగిమలో ఉంటారు, ఎదుటివాళ్లని మోసం చేసేది అలాగే. చైనీస్ తైపీకి చెందిన తై జు యింగ్ కొట్టబోయేది ఏమిటో కోర్టులో ఎదురుగా నిలబడ్డవాళ్లకే అంతుపట్టేది కాదు. ఒక్క ఫ్రేము చూసి డెస్కులో కూర్చున్నవాళ్లకి తెలిసే దారి లేదు. తీసినవాళ్లే గుర్తుపెట్టుకోవాలి. చాలామంది ర్యాలీ అవగానే స్కోరుబోర్డుని ఒక ఫ్రేము తీసి పెట్టుకుంటారు. గేముల మధ్య రెండు నిమిషాల విరామంలో ఫొటోలు పంపేటప్పుడు ఆ స్కోరుని బట్టి ఏ పాయింటో, ఏ షాటో పోల్చుకుంటారు. గుర్తు రాకపోతే "షాట్ ఆడుతున్న" అని రాసి పంపడం నిజాయితీ. అది అచ్చుకి వెళ్లేలోపు ఎవరో ఒకరు మళ్లీ "స్మాష్" చేసేస్తారనుకోండి.