పాలమూరులో నేర న్యాయ చర్చ: వకీలు పత్రిక నుంచి హక్కుల కరపత్రం దాకా

పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా)లోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో పోలీసు అధికారం, నేరం, శిక్ష గురించి మామూలు పాఠకుడికి తెలుగులో చెప్పే పనిని నెత్తికెత్తుకున్నది విశ్వవిద్యాలయాలు కావు. ముందు ఒక వకీలు సంపాదకుడు, ఆ తర్వాత పౌరహక్కుల కార్యకర్తలు ఆ పని చేశారు.

నిజాం కాలంలో ఇక్కడి జనం తెలుగువారు, కచేరీలు మాత్రం ఉర్దూలో నడిచేవి. 1884లో ఫారసీ స్థానంలోకి ఉర్దూ వచ్చినా రైతుకు ఒరిగిందేమీ లేదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల పల్లెల్లో సర్కారు అంటే పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ. 1921లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రజన సంఘం వెట్టిచాకిరి వంటి విషయాలపై చిన్న పుస్తకాలు వేసి పంచింది. సభ పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలన్న గస్తీ నిశాన్ 53 అమలులో ఉన్న రోజుల్లో, నలుగురు చేరి మాట్లాడుకోవడం కన్నా అచ్చు కాగితం ఊళ్లోకి చేరడమే తేలిక.

ఆ అచ్చు కాగితానికి బలం తెచ్చినవాడు గద్వాల ప్రాంతపు ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి (1896–1953). బి.ఎల్. చదివి కొంతకాలం వకీలుగా పనిచేసిన ఆయన 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించాడు. ‘ప్రజాధికారములు’ పేరుతో పుస్తకం కూడా రాశాడు. సంపాదకీయాలకు ముందుగా సర్కారు అనుమతి ఉండాలన్న ఆంక్ష వచ్చినప్పుడు ఆ చోట ప్రపంచ మేధావుల సూక్తులు వేసి ఊరుకున్నాడు. ఏమనుకోవాలో పాఠకులే అనుకున్నారు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. సురవరం బాధ్యతలు చూసిన రెడ్డి హాస్టలుకు ప్రాణం పోసిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టినవాడు, 1920 నుంచి 1934 దాకా హైదరాబాదు కొత్వాలు. నగర పోలీసు అధిపతి ప్రాపకం ఒకవైపు, పాలనను తప్పుపట్టే పత్రిక మరోవైపు. ఈ రెంటినీ కలిపి నడిపిన నేర్పుపై పరిశోధకులు ఇంకా దృష్టి పెట్టాలి. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం మరుసటి ఏడే కన్నుమూశాడు.

రెండో దశ ఎన్‌కౌంటర్లతో ముడిపడింది. ఎమర్జెన్సీ కాలపు కాల్చివేతలపై 1977లో తార్కుండే కమిటీ విచారణ జరిపింది, న్యాయవాది కె.జి. కన్నబిరాన్ దానికి కార్యదర్శి. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం నిజనిర్ధారణ నివేదికలను తెలుగులో చవక పుస్తకాలుగా జనంలోకి పంపింది. నల్లమల అంచునున్న నాగర్‌కర్నూల్ పల్లెలకు ఈ చర్చ ఇంటి ముంగిటిదే. ఆ సంఘంలో పనిచేసిన లెక్కల పండితుడు కె. బాలగోపాల్ చట్టం సెక్షన్ల సారాన్ని వాడుక భాషలోకి దించడంలో అందరికన్నా ముందున్నాడు. పోలీసుల హింసను నిలదీసిన కలంతోనే నక్సలైట్ల హింసనూ నిలదీశాడు. ఈ విషయంపై సంఘంలో వచ్చిన విభేదం నుంచే 1998లో మానవ హక్కుల వేదిక పుట్టింది. ఎన్‌కౌంటర్ మరణంపై ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి దర్యాప్తు జరపాలని 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చినా, 2014లో తానే 16 మార్గదర్శకాలు ప్రకటించింది.

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లాలయ్యాయి, 2022లో జిల్లా కోర్టులూ వచ్చాయి. కోర్టు దగ్గరైనంతగా పరిశోధన తెలుగు పాఠకుడికి దగ్గర కాలేదు. చటాన్‌పల్లి ఘటనే ఇందుకు ఉదాహరణ. 2019 డిసెంబరు 6న అక్కడ పోలీసు కాల్పుల్లో చనిపోయిన ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ పొరుగునున్న నారాయణపేట జిల్లావారు. కాల్పులు కావాలనే జరిగాయని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది, 380కి పైగా పేజీలు, ఇంగ్లీషులో. పోలీసుల మీద పూలు చల్లిన దృశ్యాలను టీవీలో చూసిన జనానికి కనీసం దాని ముగింపు అధ్యాయాన్నయినా తెలుగు పత్రికలు పూర్తిగా అచ్చువేసి ఇవ్వాలి.