ఉప్పు దారి, మేత దారి

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఇప్పుడు అడవి అంటే కంచె, గేటు, లోపల నడక బాట. శామీర్‌పేటలో జింకల పార్కు, కండ్లకోయలో ఆక్సిజన్ పార్కు. ఆదివారాలు పట్నం జనం తిరిగిపోయే ఇలాంటి మోదుగ, సీతాఫలం చెట్ల నడుమనే మా పెద్దల మందలు మేసేవి. ఆ చరిత్ర మేమే రాసుకోవాలి.

మాది లదేణి బతుకు. గోర్ భాషలో లదేణి అంటే ఎడ్ల మీద సరుకు వేసుకొని సాగే వర్తకం. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే పది పన్నెండు వేల ఎడ్ల బిడారుల గురించి రాశాడు. ఒక్కో తెగ ఒక్కో సరుకే మోసేదట: ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు. కోస్తా ఉప్పు దక్కను ఎక్కింది మా ఎడ్ల వీపు మీదే. సముద్రం మాకు చూసి రావలసిన వింత కాదు, సరుకు ఎత్తుకునే రేవు. అన్ని ఎడ్లు నడవాలంటే దారి పొడుగునా మేత, నీళ్లు ఉండాలి. అందుకే మజిలీలు ఊరికి ఎడంగా, అడవి అంచున, కుంటల దగ్గర పడేవి. తండాలు ఈనాటికీ ఊళ్లకు దూరంగా ఎందుకున్నాయని అడిగేవారికి సగం జవాబు ఇదే. మిగతా సగం ఊళ్లనే అడగాలి.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. తర్వాత మన్మాడ్ లైను మేడ్చల్ మీదుగానే పోయింది. ఉప్పు వ్యాగన్లెక్కింది, ఎడ్లకు పని పోయింది. 1871 నాటి బ్రిటిష్ చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులను చేసింది. మావాళ్లూ చాలాచోట్ల ఆ జాబితాలకెక్కారు. పశువులనూ సేద్యాన్నీ నమ్ముకుందామంటే అడవికి హద్దురాళ్లు పడ్డాయి.

తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చిన చట్టం 1976 నాటిది. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే మావాళ్లకు పోడు పట్టాలే గుర్తొస్తాయి. అందులో మేత హక్కు, సంచార పశుపోషకుల హక్కు కూడా ఉన్నాయి. హక్కు అడిగేవారు కాక వేరే పెద్దలు చెప్పింది రాతలో పెడితే రుజువు కింద చెల్లుతుంది. మేత బీళ్లు, పశువులు నీళ్లు తాగే చోట్లు, పూజించే చెట్లు కూడా రుజువులే. అంటే ఆషాఢంలో పశువుల మేలు కోరి సీత్లా భవానికి మొక్కే చెట్టూ, దాని కింది రాళ్లూ మా దస్తావేజులు. వెంచర్లు వచ్చినచోట ముందు లేచిపోయేవి ఆ రాళ్లే.

లదేణి కథలు విన్న ముసలివాళ్లు తండాకు ఒకరిద్దరే మిగిలారు. వాళ్ల మాట కాగితం మీద పెట్టి, వేలిముద్ర వేయించి, గ్రామసభకు ఇచ్చే పని వచ్చే సీత్లా పండుగనాడే మొదలుపెడుతున్నాం.