సియాల్‌కోట్: సొంత డబ్బుతో విమానాశ్రయం కట్టుకున్న సరిహద్దు జిల్లా

పాకిస్తాన్‌లోని పంజాబ్ ప్రావిన్స్‌లో, మన జమ్మూకి ఆనుకుని ఉన్న జిల్లా సియాల్‌కోట్. 2007లో అక్కడ ఒక అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. 3.6 కిలోమీటర్ల రన్‌వే ఉన్న ఆ విమానాశ్రయాన్ని ప్రభుత్వం కట్టలేదు, ఏ బడా కార్పొరేట్ గ్రూపూ కట్టలేదు. ఫుట్‌బాళ్లు, ఆపరేషన్ కత్తెరలు, తోలు జాకెట్లు తయారుచేసి విదేశాలకు పంపే స్థానిక వ్యాపారులు తలా ఇంత వాటా వేసుకుని కట్టుకున్నారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఇదే పద్ధతిలో ఒక డ్రై పోర్టు పెట్టుకున్నారు. 2020 డిసెంబరులో ఎయిర్‌సియాల్ పేరుతో విమానయాన సంస్థ కూడా మొదలుపెట్టారు.

దక్షిణాసియాలో చిన్న పట్టణాల ఆర్థికాభివృద్ధి గురించి మాట్లాడేవాళ్లు సియాల్‌కోట్‌ను తరచూ ఉదాహరణగా చూపుతారు. చూపించదగినదే. కానీ అక్కడి వ్యాపారులు ఏ పనికి చేతులు కలిపారో తెలుసుకోవడం ఎంత అవసరమో, ఏ పని దగ్గర ఆ చేతులు కలవలేదో తెలుసుకోవడమూ అంతే అవసరం.

కమ్మరి కొలిమి నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా

సియాల్‌కోట్‌కు చేతిపనుల చరిత్ర పాతది. మొఘలుల కాలంలో ఇక్కడి కాగితానికి పేరుండేది. జిల్లాలోని కోట్లీ లోహారాన్ గ్రామం పేరులోనే కమ్మరులున్నారు. ఇనుము మీద బంగారు తీగ పొదిగే కోఫ్త్‌గారీ పనికి ఆ ఊరు ప్రసిద్ధి. బ్రిటిష్ వాళ్లు ఇక్కడ కంటోన్మెంట్ పెట్టాక ఈ చేతులకు కొత్త పని దొరికింది. ఒక ఇంగ్లిష్ అధికారి విరిగిన టెన్నిస్ రాకెట్‌ను స్థానిక వడ్రంగి బాగుచేసి ఇవ్వడంతో క్రీడాపరికరాల పరిశ్రమ పుట్టిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ కథ నిజమో కాదో గానీ, 19వ శతాబ్దం ముగిసేనాటికి ఇక్కడ రాకెట్లు, క్రికెట్ బ్యాట్లు, హాకీ కర్రలు తయారవుతున్నాయి. కశ్మీర్ కలప దగ్గర్లోనే ఉండటం కలిసొచ్చింది.

సర్జికల్ పరికరాల కథ కూడా మరమ్మతుతోనే మొదలైంది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికన్ మిషన్ ఆస్పత్రి పరికరాలను బాగుచేసిన కమ్మరులు, కొన్నాళ్లకు అలాంటివే సొంతంగా చేయడం నేర్చారు. ఇవాళ ప్రపంచంలో చాలా ఆస్పత్రుల్లో వాడే ఫోర్సెప్స్, కత్తెరలు ఇక్కడివే. వీటిలో కొన్ని జర్మనీలో ఈ పరిశ్రమకు కేంద్రమైన టుట్లింగెన్ కంపెనీల ముద్రతో అమ్ముడవుతాయి. చేసినవాడి కూలికీ, ముద్ర వేసినవాడి ధరకూ మధ్య ఉన్న దూరం సియాల్‌కోట్‌కు ఉన్న పాత బాధల్లో ఒకటి.

1947 ఈ పట్టణాన్ని నిలువునా చీల్చింది. క్రీడాపరికరాల కంపెనీల యజమానుల్లో హిందువులు, సిక్కులు ఎక్కువ. వాళ్లు సరిహద్దు దాటి జలంధర్, మీరట్‌లలో స్థిరపడ్డారు. భారత టెస్టు క్రికెట్‌లో వాడే ఎస్‌జీ బంతి తయారీ సంస్థ 1931లో సియాల్‌కోట్‌లో మొదలైనదే. దేశ విభజన తర్వాత ఆగ్రాకూ, అక్కడి నుంచి మీరట్‌కూ చేరింది. సియాల్‌కోట్‌లో మాత్రం పని తెలిసిన ముస్లిం చేతివృత్తుల వారు మిగిలారు. కార్మికులుగా ఉన్నవాళ్లలో కొందరు యజమానులయ్యారు. ఒకే వేరు నుంచి వచ్చిన మూడు పట్టణాలు నేటికీ ప్రపంచ మార్కెట్లో పోటీ పడుతున్నాయి.

చిన్న వర్క్‌షాపుల వల

సియాల్‌కోట్ బలమంతా చిన్న సంస్థల్లోనే ఉంది. సర్జికల్ పరికరాల రంగాన్ని 1990లలో అధ్యయనం చేసినవారు సుమారు 300 తయారీ సంస్థలనూ, వాటికి పని చేసిపెట్టే సుమారు 1,500 చిన్న వర్క్‌షాపులనూ లెక్కించారు. ఒకరు ఉక్కును కాచి అచ్చులో కొట్టి ఆకారం తెస్తారు, ఇంకొకరు ఆకురాయి పడతారు, మరొకరు మెరుగు పెడతారు. ఒక కత్తెర ఎగుమతిదారు చేతికి వచ్చేలోపు ఇలా అనేక గడపలు దాటుతుంది. కొద్దిపాటి పెట్టుబడితో, కుదిరితే ఇంటి వసారాలోనే వ్యాపారం మొదలుపెట్టొచ్చు. కానీ ఇంత చిన్న సంస్థ ఏదీ తనంతట తాను రోడ్డు వేసుకోలేదు, ఓడరేవును దగ్గరకు తెచ్చుకోలేదు. విదేశీ కొనుగోలుదారు అనుమానపడితే ఒంటరిగా జవాబూ చెప్పుకోలేదు. 1982లో ఏర్పడిన సియాల్‌కోట్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీకి అంత పలుకుబడి వచ్చింది ఇందువల్లే.

దేశంలో ప్రధాన ఓడరేవు కరాచీ ఇక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. సరుకు అక్కడికి చేరాక కస్టమ్స్ తనిఖీ కోసం ఆగాలి. ఏదైనా తేడా వస్తే వ్యాపారి పరుగెత్తుకెళ్లాలి. పది పెట్టెల సరుకు పంపే చిన్న ఎగుమతిదారుకు ఈ ప్రయాణమే లాభాన్ని తినేస్తుంది. దీనికి విరుగుడు డ్రై పోర్టు. అంటే సముద్రం లేని చోట కస్టమ్స్ తనిఖీ ముగించి, కంటెయినర్‌కు సీలు వేసి నేరుగా ఓడకు పంపే కేంద్రం. హైదరాబాద్‌లోని సనత్‌నగర్ కంటెయినర్ డిపో చేసే పని ఇలాంటిదే. కాకపోతే సనత్‌నగర్ డిపోను నడిపేది ప్రభుత్వ రంగ సంస్థ. సియాల్‌కోట్ వ్యాపారులు 1980ల మధ్యలో ఒక ట్రస్టు పెట్టుకుని, నగరానికి పడమరగా ఉన్న సంబ్రియాల్ దగ్గర తమ డ్రై పోర్టును తామే నడుపుకున్నారు. ఆసియాలో ప్రైవేటు రంగంలో వచ్చిన మొదటి డ్రై పోర్టుగా దీన్ని చెబుతారు.

ఆ అనుభవం ధైర్యాన్నిచ్చింది. నగర రోడ్లు, మురుగు కాల్వలు బాగుచేసేందుకు ఎగుమతిదారులు తమ ఎగుమతి రాబడిలో పావు శాతం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పన్ను ఎగ్గొట్టడం మామూలైపోయిన దేశంలో వ్యాపారులు తమ మీద తామే పన్ను వేసుకోవడం చిన్న విషయం కాదు. ఇక్కడో కిటుకు ఉంది. ఎగుమతి లెక్క కస్టమ్స్ కాగితాల్లో ఎటూ నమోదవుతుంది కాబట్టి ఎవరి వాటా ఎంతో అందరికీ తెలుస్తుంది. దాచుకోవడానికి వీలుండదు. పక్కవాడు కట్టాడో లేదో తెలిసినప్పుడు చందా వసూలు తేలికవుతుంది.

విమానాశ్రయం దీని తర్వాతి మెట్టు. విదేశీ కొనుగోలుదారు లాహోర్‌లో దిగి నూరు కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద రావాల్సిన పరిస్థితి ఉండేది. లాహోర్ - సియాల్‌కోట్ మోటార్‌వే వచ్చింది 2020లోనే. వందల మంది వ్యాపారులు వాటాదారులుగా చేరి కంపెనీ పెట్టి, భూమి కొని, ప్రభుత్వ అనుమతులు తెచ్చుకుని సంబ్రియాల్ దగ్గరే విమానాశ్రయం కట్టారు. మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చేది 1999లో మొదలైన కొచ్చి విమానాశ్రయం. ప్రవాస మలయాళీలు దానికి పెద్ద ఎత్తున డబ్బు పెట్టారు, అయితే కేరళ ప్రభుత్వం ప్రధాన వాటాదారుగా వెనక నిలబడింది. సియాల్‌కోట్‌కు ఆ అండ లేదు. ఇప్పుడు ఆ విమానాశ్రయానికి సరుకు ఎంత ముఖ్యమో, గల్ఫ్ దేశాలకు కూలి పనికి వెళ్లే చుట్టుపక్కల జిల్లాల ప్రయాణికులు అంతే ముఖ్యం.

బంతి కుట్టిన పిల్లలు

రోడ్లు, విమానాశ్రయం అందరికీ లాభమైన పనులు. అసలు పరీక్ష 1990లలో వచ్చింది. మొదట 1994లో సర్జికల్ పరికరాల నాణ్యత బాగాలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దిగుమతులపై ఆంక్షలు పెట్టింది. ఒక్క దెబ్బతో పెద్ద మార్కెట్ మూసుకుపోయే ప్రమాదం వచ్చేసరికి పరిశ్రమ సంఘం, ప్రభుత్వం కలిసి సంస్థలకు నాణ్యతా ప్రమాణాలు నేర్పించి, కొంతకాలానికి ఆ గండం గట్టెక్కించాయి. ఇందులో చిక్కు తక్కువ, ఎందుకంటే నాణ్యత పెరిగితే నష్టపోయేవాళ్లు పెద్దగా లేరు.

ఫుట్‌బాల్ సంగతి వేరు. 32 ముక్కల బంతిని సూది, మైనపు దారంతో కుట్టడం ఊళ్లలో ఇళ్ల దగ్గర జరిగేది. కాంట్రాక్టర్ ముక్కలు తెచ్చి పడేసేవాడు, కుటుంబమంతా కూర్చుని కుట్టేది, కూలి బంతికి ఇంత అని లెక్క. ఆ కుటుంబంలో పిల్లలూ ఉన్నారు. 1996లో అమెరికన్ పత్రికలు ఆ పిల్లల ఫొటోలు ప్రచురించాయి. 5 నుంచి 14 ఏళ్ల మధ్య వయసు పిల్లలు 7 వేల మందికి పైగా పూర్తికాలం బంతులు కుడుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా వేసింది. పశ్చిమ దేశాల్లో బహిష్కరణ నినాదాలు మొదలయ్యాయి.

1997 ఫిబ్రవరి 14న అట్లాంటాలో సియాల్‌కోట్ చాంబర్, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. కుట్టుపనిని ఇళ్ల నుంచి తీసేసి, తనిఖీకి వీలైన కుట్టు కేంద్రాలకు మార్చాలన్నది దాని సారాంశం. కేంద్రాలు వచ్చాయి, తనిఖీలు వచ్చాయి, బంతుల పరిశ్రమలో పిల్లల సంఖ్య బాగా తగ్గింది. కంపెనీలకు మార్కెట్ దక్కింది.

ఈ మార్పు ఖరీదు ఎక్కువగా చెల్లించింది ఆడవాళ్లు. పొయ్యి మీద అన్నం పెట్టి, పిల్లల్ని చూసుకుంటూ బంతులు కుట్టిన గ్రామీణ మహిళలు ఊరు దాటి, మగవాళ్లుండే కేంద్రానికి వెళ్లి కుట్టడం చాలా ఇళ్లలో కుదరలేదు. మహిళల కోసం వేరే కేంద్రాలు పెట్టినా అవి అందరికీ అందలేదు. పిల్లవాడి కూలి పోయింది, తల్లి కూలీ పోయింది. బంతికి ఇచ్చే రేటు మాత్రం ఆ లోటు పూడ్చేంతగా పెరగలేదు. అట్లాంటాలో సంతకాలు చేసినవారిలో బంతి కుట్టేవాళ్ల తరఫున ఎవరూ లేరు. ఆ ఒప్పందంలో వయసు గురించి ఉన్నంత స్పష్టత కూలి గురించి లేకపోవడానికి అదే కారణం అనుకోవాలి.

2006 నవంబరులో మరో దెబ్బ తగిలింది. తనకు సరఫరా చేసే సాగా స్పోర్ట్స్ అనుమతి లేకుండా పనిని ఇళ్లకు పంపుతోందంటూ నైకీ ఒప్పందం రద్దు చేసుకుంది. వేల మంది ఉపాధి ఇరుకున పడింది. మరుసటి ఏడాది నైకీ ఇంకో స్థానిక సంస్థతో తిరిగి వచ్చింది, కానీ బంతులన్నీ ఫ్యాక్టరీలోనే, పూర్తికాల ఉద్యోగులైన కార్మికులే చేయాలన్న షరతు పెట్టింది. ఇన్నేళ్లలో స్థానిక చాంబర్ అడగని షరతును ఒక విదేశీ కంపెనీ అడిగింది.

అదే 2006లో ఇంకో మార్పు చప్పుడు లేకుండా వచ్చింది. జర్మనీ ప్రపంచ కప్‌లో వాడిన టీమ్‌గీస్ట్ బంతికి కుట్లు లేవు. 14 ముక్కలను వేడితో అతికించారు, అదీ థాయిలాండ్‌లో. చేతికుట్టు మీద బతికే పట్టణానికి ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఉండదు. 2014 బ్రెజిల్ ప్రపంచ కప్ నాటికి సియాల్‌కోట్‌లోని ఫార్వర్డ్ స్పోర్ట్స్ ఆ సాంకేతికతను అందుకుంది. చైనా సరఫరాదారు అవసరమైనంత వేగంగా చేయలేకపోవడంతో అవకాశం తలుపు తట్టింది. నెల పైచిలుకులో కొత్త ఉత్పత్తి లైను నిలబెట్టి బ్రజూకా బంతులు పంపింది. ఆ లైనులో మహిళా కార్మికులు ఎక్కువ సంఖ్యలో పనిచేశారు. 2018లోనూ, 2022లోనూ ప్రపంచ కప్ బంతులు ఇక్కడి నుంచి వెళ్లాయి. ఈ సాంకేతికత అందుకోగలిగింది పెట్టుబడి ఉన్న కొద్ది సంస్థలే. మిగతావి చౌక బంతులు కుడుతూ, మెషిన్ కుట్టుతో పోటీ పడుతున్నాయి.

మురుగు కాల్వ దగ్గర ఆగిన ఐక్యత

2021 డిసెంబరు 3న సియాల్‌కోట్ ఇంకో కారణంతో ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. ఒక ఫ్యాక్టరీలో మేనేజరుగా ఉన్న శ్రీలంక పౌరుడిని దైవదూషణ ఆరోపణతో మూక కొట్టి చంపి, శవాన్ని తగలబెట్టింది. వ్యాపారులు లక్ష డాలర్లు పోగుచేసి అతని కుటుంబానికి పంపారు. డబ్బు పోగుచేయడం వాళ్లకు తెలిసిన విద్య. ఫ్యాక్టరీ గేటు లోపల కూడా చట్టానికి పట్టు లేదన్న భయాన్ని పోగొట్టడం చాంబర్ చేతిలో ఉన్న పని కాదు.

చేతిలో ఉండీ దశాబ్దాల పాటు కదలని పని మరొకటుంది. తోలు చేతితొడుగులకు, జాకెట్లకు కావలసిన తోళ్లను శుద్ధి చేసే టానరీలు నగరం చుట్టూ వందల్లో ఉన్నాయి. వాటి నుంచి క్రోమియం కలిసిన నీరు ఐక్, పల్ఖు కాల్వల్లో కలుస్తుంది. టానరీలన్నిటినీ ఒకచోటకు చేర్చి, ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టాలన్న టానరీ జోన్ పథకానికి భూమి దొరికింది, ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ సాయానికి వచ్చింది. అయినా పని నత్తనడక నడిచింది. విమానాశ్రయానికి వాటా వేసినవాడికి మర్నాటి నుంచి ఉపయోగం కనబడుతుంది. శుద్ధి కేంద్రానికి వాటా వేస్తే లాభం కాల్వ దిగువన పొలం దున్నుకునే రైతుకు. పైగా ఇల్లూ వర్క్‌షాపూ ఒకటే అయిన చిన్న టానరీ యజమానికి కొత్త చోటుకు మారడమంటే అప్పు చేయడమే. వాటి సంగతి తేలేదాకా ఆ రెండు కాల్వల నీళ్లు దిగువన చెనాబ్ వైపు సాగే పొలాల మీదుగానే పోతాయి.