తెలుగు వ్రాతకును చిత్రరేఖకును తగిన చవుక కలము: ఒక చారిత్రక పరిశీలనము

పొరుగు రాష్ట్రములందు తరతరములుగా స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు వలసలను గూర్చియు, దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు విపులముగ వ్రాయుదురు. ఆ పాఠశాలలో కూర్చుండిన బాలుడు ఏ పనిముట్టుతో అక్షరమును దిద్దెనో ఎవరును అంతగా పట్టించుకొనరు. ఇది చిన్న విషయముగ తోచవచ్చును. కాని బళ్ళారిలోను, హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను పెరుగు తెలుగు బాలునకు వీథిలో కనబడు లిపి ప్రధానముగ వేరొకటి. తెలుగు లిపితో వానికి నిత్యపరిచయము కలుగునది పాఠ్యపుస్తకమునందును, తన చేతివ్రాతయందును మాత్రమే. కనుక వాని చేతిలోని కలము ఎట్టిదను ప్రశ్న ఆంధ్రదేశమునందు కంటె అచ్చట కొంత బరువైనది. ఆ కలము విలువైనది కానక్కరలేదు. చవుకదైనను తెలుగక్షరమునకు లొంగునదై, అవసరమైనపుడు బొమ్మకును పనికివచ్చునదై యుండవలెను. అట్టి పనిముట్టు మనవారికి ఎట్లు లభించినదో పరిశీలించుట ఈ వ్యాసమునకు విషయము.

మొదటి పనిముట్టు గంటము. తాటియాకుపై ఇనుప మొనతో గీచి, ఆ గీతలలో మసి పూసి తుడిచినచో అక్షరము నల్లగ నిలుచును. అడ్డగీతలు ఆకును చీల్చును గావున మన లిపి గుండ్రదనము పొందినదని సాధారణముగ చెప్పుదురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు గాని, దీనినే సర్వకారణముగ చెప్పుట సాహసము. తాటియాకుపై వ్రాసిన లిపులన్నియు ఒక్కతీరున గుండ్రబడలేదు గదా! ఇక్కడ గమనింపదగినది మఱియొకటి. గంటము వ్రాతకును చిత్రమునకును సమానముగ పనిచేసెను. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు గంజాము సీమ అందు చేరినది. అందలి తెలుగువారికి పొరుగువారైన ఓఢ్రశిల్పులు తాటియాకుపై ఒకే మొనతో పద్యమును చెక్కుదురు, దాని ప్రక్కనే దేవతామూర్తిని చెక్కుదురు. పూరీ సమీపమునందలి రఘురాజపురములో ఈ విద్య నేటికిని జీవించియున్నది. వ్రాయువాడు వేరు, చిత్రించువాడు వేరు అను భేదము పనిముట్టునందు లేదు.

రెండవది రెల్లు లేక వెదురు పుల్లను చెక్కి చేసిన కలము. దీని గొప్పతనమును తెలిసికొనదలచినవారు గ్రంథాలయమునకు గాక కలంకారీ పనివాని యొద్దకు పోవలెను. శ్రీకాళహస్తి పనివాడు మొన చెక్కిన పుల్లకు కొంచెము పైగా ఉన్నినో గుడ్డనో చుట్టి దారముతో బిగించును. ఆ చుట్ట రంగును పీల్చి నిలుపుకొనును. వ్రేళ్ళతో మెల్లగ నొక్కినకొలది అది మొనకు దిగును. సిరాను తనయందే దాచుకొని కావలసినంత విడుచు కలమను భావము ఫౌంటెన్ పెన్ను పుట్టుటకు చాలముందే మన పనివారి చేతిలో నుండెనన్నమాట! తంజావూరు నాయకరాజుల కాలమున తెలుగుదేశమునుండి తరలివచ్చితిమని చెప్పుకొను చిత్రకారుల కుటుంబములు కుంభకోణము సమీపమునందలి సిక్కల్ నాయకన్ పేటలో ఈ కలమునే పట్టినవి. ఆ ప్రాంతపు కరుప్పూరు కలంకారీకి 2021లో భౌగోళిక గుర్తింపు లభించినది. నాయకరాజులు పోయినది 1673లో. పుల్ల మాత్రము పోలేదు.

ఇక సిరాసంగతి. కలంకారీ గుడ్డను కరక్కాయ రసములో తడిపి, బెల్లమును ఇనుపతుక్కును కలిపి పులియబెట్టిన కసిమితో గీచినచో గీత నల్లబడును. కరక్కాయలోని వగరునకు ఇనుము తగిలిన పుట్టు నలుపది. కరక్కాయయు అన్నభేదియు కలిపి కాచిన వ్రాతసిరా నలుపును ఈ జాతిదే. ఈ సిరా కాగితముపై చిరకాలము నిలుచును. కాని దానికి పులుపుగుణము కలదు. రెల్లుపుల్లకు దానివలన బాధ లేదు, ఉక్కుపాళీకి కలదు. చవుక కలము చరిత్ర అంతయు ఈ చిన్న చిక్కుచుట్టు తిరిగినదనిన అతిశయోక్తి కాదు.

పందొమ్మిదవ శతాబ్దమున బర్మింగుహాము యంత్రములనుండి ఉక్కుపాళీలు కోట్లకొలది వెలువడెను. కఱ్ఱపుల్లకు పాళీ తగిలించి బుడ్డిలో ముంచి వ్రాయు అలవాటు కచేరీలనుండి బడులకు వ్యాపించెను. పాళీ వెల స్వల్పము, ఆయువును స్వల్పమే; సిరా పులుపునకు అది త్రుప్పుపట్టి కాగితమును గీరుచుండెడిది. పైగా నాలుగైదు మాటలకొకసారి ముంచవలెను. ముంచినవెంటనే వ్రాసిన అక్షరము లావు, ముంచబోవు ముందరి అక్షరము సన్నము. ఆ కాలపు వ్రాతప్రతులను పరికించువారికి ఈ హెచ్చుతగ్గులు సులభముగ గోచరించును.

1884లో అమెరికాలో వాటర్మన్ అనునాతడు పాళీ క్రింద సన్నని గాడులుగల నాలుకనమర్చి, సిరా క్రిందికి దిగుకొలది గాలి పైకి పోవు ఏర్పాటుచేసి, దానికి హక్కుపత్రమును పొందెను. గంధకముతో గట్టిపఱచిన రబ్బరు, అనగా ఎబొనైటు, దాని ఒడలు. సిరా పులుపునకు చెడని లోహము కావలెను గనుక పాళీని బంగారముతో చేసిరి. బంగారము మెత్తన గనుక మొనకు ఇరీడియము జాతి గట్టిలోహపు చుక్కనంటించిరి. కలము చక్కనిదయ్యెను గాని సామాన్యునకు అందనిదయ్యెను. ఈ శతాబ్దపు కంపెనీల పేర్లన్నియు ఏకరువు పెట్టుట ఇక్కడ అనవసరము.

ఈ వస్తువును తెలుగుగడ్డపై తయారుచేయ సాహసించిన ఊరు రాజమహేంద్రవరము. 1907లో బిపిన్ చంద్రపాలుడు ఆ పట్టణమున ప్రసంగించిన నాటినుండియు స్వదేశివ్రతము అచ్చట వేరూనినది. స్వర్ణకారవిద్య నెఱిగిన కోసూరి వేంకటరత్నముగారు మహాత్ముని కలిసినపుడు, ప్రజలకు నిత్యమును ఉపయోగపడు వస్తువు నేదైన దేశమందే చేయుమని ఆయన ప్రోత్సహించెనని ప్రసిద్ధి. రత్నముగారు 1932లో కలముల తయారీకి పూనుకొనిరి. పంపిన తొలి కలమునందు విదేశపు భాగములున్నవని తెలిసి గాంధీమహాత్ముడు తృప్తిచెందలేదనియు, కుమారప్పగారి విచారణ జరిగిన పిమ్మటనే పూర్ణస్వదేశమైన కలమును స్వీకరించెననియు చెప్పుదురు. 1935 జూలైలో వార్ధానుండి ఆయన వ్రాసిన ఉత్తరమునందు, ఆ కలమును తాను ఉపయోగించితిననియు, బజారులోని పరదేశపు కలములకు బదులుగ నిలువదగినదిగ నున్నదనియు తెలిపెను. పొగడ్తలో కూడ పొదుపరియైన మహాత్ముని మాట ఇది. తన దస్తూరి బాగుండదని జీవితాంతము చింతించినవాడాయన. బాలురకు అక్షరములకంటె ముందు చిత్రలేఖనము నేర్పవలెనని ఆత్మకథలో అభిప్రాయపడినవాడు. వ్రాతను బొమ్మనుండి విడదీయరాదని మన గంటమును కలంకారీపుల్లయు చెప్పిన మాటనే ఆయన వేరొక త్రోవన చేరెను.

రాజమహేంద్రవరపు కలముయొక్క విశేషము పేరులో లేదు, పనితనములో కలదు. ఎబొనైటు కడ్డీని తరిమెనపట్టి చేతితో మలచెదరు. లోపల రబ్బరుతిత్తి లేదు, గొట్టమే సిరాబుడ్డి. గాజుగొట్టముతో సిరా నింపి మరబిగించుటయే. తిత్తి లేదు గనుక కుళ్ళుట లేదు. భాగములు కొలదియే గనుక ఊడదీసి కడుగుట పిల్లవానికిని సాధ్యము. ఎబొనైటునాలుక సిరాతో చక్కగ తడియును. వేడినీటిలో ముంచి మెత్తబఱచి పాళీకి అంటునట్లు సరిచేయవచ్చును. ప్లాస్టికు నాలుకకు ఈ వెసులుబాటు అంతగా లేదు. దోషమును చెప్పవలసినదే: గొట్టములో సిరా తఱిగినపుడు చేతివేడికి లోని గాలి వ్యాకోచించి కాగితముపై బొట్టు రాల్చును. సగము ఖాళీ కాగానే నింపుకొనువారికి ఈ బాధ తక్కువ. తరువాత అదే పట్టణమునందు గైడర్ మొదలగు ఇతర పేర్ల కలములును వెలసినవి. త్రుప్పుపట్టని ఉక్కు వచ్చుటయు, పులుపు తక్కువైన నీలిసిరాలు వచ్చుటయు తోడై, పాళీకి బంగారము అనవసరమయ్యెను. కరక్కాయసిరా పెట్టిన పాత చిక్కు ఇట్లు విడిపోయి, ఫౌంటెన్ కలము గుమాస్తాకును విద్యార్థికిని అందెను.

చిత్రకారుని సంగతి వేరైనది. రాజమహేంద్రవరమునకే కీర్తితెచ్చిన దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, అక్కడి కలము పుట్టకముందే, 1925లో దివంగతుడయ్యెను. పిమ్మట ‘భారతి’ వంటి పత్రికలందు తలిసెట్టి రామారావు మొదలగువారి వ్యంగ్యచిత్రములు వెలువడిన కాలమున, గీతచిత్రమును జింకురేకుపైకి ఫోటోద్వారా ఎక్కించి దిమ్మ చేసెడివారు. ఆనాటి పలకలకు నీలివర్ణము తెలుపువలె కనబడును. కావున మంచి నీలిసిరాకలముతో ఎంత చక్కగ గీచినను దిమ్మలో గీత పడదు. చిక్కని నల్లని ఇండియన్ ఇంకే గతి. ఆ సిరాలో మసియు లక్కయు నుండును. ఫౌంటెన్ కలములో పోసినచో గాడులలో గడ్డకట్టి కలమును చంపును. అందుచేత చిత్రకారుడు ముంచుపాళీనే చిరకాలము పట్టుకొనియుండెను. నేడును లక్కగల సిరాను ఫౌంటెన్ కలములో పోయరాదు. ఈ కలములకొఱకే చేసిన సన్నని మసిసిరాలు దొరకుచున్నవి. వానిని నింపినవారు కలమును ఎండనీయక తఱచుగ కడుగవలెను. నీటిరంగులు పూయనెంచని విద్యార్థికి సామాన్యపు నీలిసిరాయే చాలును. దానిపై తడికుంచె రాచి నీడలు కూడ తెప్పించవచ్చును.

ఇక తెలుగక్షరము కోరు గుణమేమి? ఆంగ్లాక్షరమునకు లావుగ వ్రాయు పాళీ అందమీయవచ్చును. తెలుగున గుడికిని గుడిదీర్ఘమునకును భేదము చిన్నమెలికలో కలదు. ఠ, థ అక్షరముల గర్భమున చుక్క యున్నది. అక్షరము క్రింద వొత్తు, వొత్తు ప్రక్కన వట్రసుడి చేరును. పాళీ లావైనచో ఈ సందులన్నియు సిరాతో పూడి ‘ఘ’యు ‘ఝ’యు మచ్చలగును. మిక్కిలి సన్నమైనచో నాసిరకపు కాగితపు నూగును లాగి, చుట్టు తిరుగుచోట గీరుకొనును. మన అక్షరము చేతిని నలుదిక్కులకు త్రిప్పును. క్రిందికి లాగునపుడు మాత్రమే నున్నగ నడచి, పైకి త్రోయునపుడు అడ్డుపడు పాళీ తెలుగునకు పనికిరాదు. కనుక వ్రాతకు సన్నపు పాళీ, మొన నున్ననిది, సిరా మితముగ విడుచునది కోరదగినది. బొమ్మకు కొంత సాగుడుగల పాళీ మేలు. అది లేనిచో ఉన్న పాళీనే బోర్లించి గీచినచో ఇంకను సన్నని గీత సామాన్యముగ వచ్చును. ఆకుల ఈనెలకు, జుట్టుపోగులకు ఇది చాలును. ఒకే చవుక కలము ఇట్లు రెండు పనులు చేయును.

బాల్‌పెన్ను వచ్చినపిమ్మట, విశేషించి 1980ల అనంతరము, ఈ వివేచనమంతయు బడులనుండి తొలగిపోయినది. బాల్‌పెన్ను చవుక, బొట్టు రాల్చదు, ప్రయాణమునకు సుఖము. దానిని నిందించుట న్యాయము కాదు. కాని దానిని నొక్కి వ్రాయవలెను. నొక్కినచేయి త్వరలో అలసి చుట్టును కుదించును, తలకట్టును వదలును. తెలుగున దినమంతయు వ్రాయు బాలునకు ఈ నష్టము పూడవచ్చును. 1953లో మైసూరురాష్ట్రమున చేరిన బళ్ళారియందును, 2006 చట్టముచే తమిళము తప్పనిసరియైన హోసూరు ప్రాంతమునందును తెలుగు వ్రాయుటకు బాలునకు చిక్కు సమయము తక్కువ. ఆ కొలదిసేపటిలో చేయి అలసినచో అక్షరము తిరిగి కుదురుకొనుటకు మఱియొక గంట లేదు.

అంగడిలో కలమునెన్నుకొనునపుడు వెలచీటి చూచుటకు ముందు మూత తీసి పాళీచీలికను వెలుతురునకెత్తి చూడవలెను. రెండు పాయలును సమముగ కలిసియుండవలెను. నాలుక పాళీనడుమకు సరిగ నున్నదో లేదో చూడవలెను. పాళీ విడిగ దొరకునదా, ఊడదీసి మార్చవచ్చునా అని అడుగవలెను. పాళీ మారని కలము వెల తక్కువైనను చవుకది కాదు. పిదప ‘కఠినము’, ‘ఝంఝ’, ‘దృష్టి’ అను మాటలను తన అలవాటు పరిమాణమున వ్రాసి, ప్రక్కనే ఒక రావియాకును గీయవలెను. అంగడివాడు సిరా ఈయనిచో నీటిలో ముంచియైనను గీయవచ్చును. ఆ తడిగీత ఆరులోపల దాని వెడల్పును, మెలికలవద్ద తెగినచోట్లును కనబడును.